టెంకాయ అన్న పిల్ల తప్పు చెప్పిందా?

ఒకటో తరగతి గోడకు బొమ్మల చార్టు వేలాడుతుంటుంది. టీచర్ ఒక బొమ్మ మీద వేలు పెడతారు. పిల్ల వెంటనే ‘టెంకాయ’ అంటుంది. బొమ్మ కింద రాసి ఉన్నది ‘కొబ్బరికాయ’.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇది వింతేమీ కాదు. ఇక్కడ గుడి ముందు అమ్మేది టెంకాయ, తాంబూలంలో పెట్టేది టెంకాయ. ఉల్లిపాయ ఇక్కడ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, వేరుశనగ చెనక్కాయ, దుకాణం అంగడి. పుస్తకం మాత్రం వేరే జిల్లాలో పుట్టినట్టు మాట్లాడుతుంది. అదే బెంచీలో కూచున్న తమిళ ఇంటి పిల్లాడికి ఆ బొమ్మ తేంగాయ్. కుప్పం వైపైతే కన్నడ ఇంటి పిల్లకు తెంగినకాయి. ఉర్దూ ఇంట్లో నారియల్. తమాషా ఏమిటంటే, ‘టెంకాయ’ దగ్గర తెలుగు, తమిళ, కన్నడ పిల్లలు ముగ్గురూ చుట్టాల్లా కలుసుకుంటారు. ‘కొబ్బరికాయ’ దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ కొత్తవాళ్ళే.

అప్పుడు టీచర్ ‘కాదు, కొబ్బరికాయ అనాలి’ అనొచ్చు. లేదా ‘అవును, టెంకాయే. పుస్తకంలో దాన్నే కొబ్బరికాయ అని రాశారు. మీ ఇంట్లో ఏమంటారు నాన్నా?’ అని పక్క పిల్లాణ్ణి అడగొచ్చు. రెండోదానికి అదనంగా పట్టేది అర నిమిషం. ఇంటి నుంచి తెచ్చుకున్న మాట బడిలో చెల్లుతుందో లేదో పిల్లకు తెలిసేది ఆ అర నిమిషంలోనే. గేటు పక్కన ‘సమానత్వం, గౌరవం, క్రమశిక్షణ, నిజాయితీ’ అని ఎంత మంచి రంగుల్లో రాయించినా, ఆ మాటలకు అర్థం తేలేది ఇలాంటి చోటే.

సర్కారు ప్రాథమిక బడి విలువల గురించి, అభివృద్ధి లక్ష్యాల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెంటినీ రెండు ఫైళ్ళలో పెట్టడం మనకు అలవాటు. విలువలు గోడ మీదికి, లక్ష్యాలు రిజిస్టర్‌లోకి. గోడ మీది మాటను ఎవరూ కొలవరు. రిజిస్టర్‌లోని అంకెకు విలువతో పనే ఉండదు. రెండూ ఒకే కాగితం మీదికి రాకపోతే దేనివల్లా బడి బాగుపడదు.

బెంచీలో ఎవరున్నారు

ముందు ఈ బెంచీ మీదికి ఇన్ని భాషలు ఎలా వచ్చాయో చూడాలి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాలు విడిపోయాక సరిహద్దు తగువు చాలాకాలం నడిచింది. మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ ఇచ్చిన తీర్పు తర్వాత 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. గీత జరిగింది గానీ ఇళ్ళలో భాష జరగలేదు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు తమిళ మీడియం బడులు ఉండటానికి కారణం ఇదే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయ్యాక ఈ సరిహద్దు పల్లెలు రెండు జిల్లాల మధ్య పంచుకుపోయాయి, అంతే.

ఇక్కడొక చిన్న ముచ్చట. ఇప్పుడు ప్రభుత్వ బడి పిల్లలకు ఇచ్చే బ్యాగు, బూట్లు, పుస్తకాల కిట్టుకు పేరు ‘సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర’. ఆయన పుట్టింది తిరుత్తణిలో. చిన్నప్పుడు కొన్నాళ్ళు చదివింది తిరుపతిలో, లూథరన్ మిషన్ బడిలో. ఈనాటి సరిహద్దు గీత అప్పుడు ఉండుంటే ఆయన చేతిలోనూ వేరే రాష్ట్రం టీసీ ఉండేదేమో.

తిరుపతి నగరానికి వస్తే కథ ఇంకాస్త చిక్కనవుతుంది. కొండకు వచ్చే జనం మీద బతికే ఊరు ఇది. హోటళ్ళు, లాడ్జీలు, పూల అంగళ్ళు, కట్టడం పనులు. రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీల చుట్టూ ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. వీళ్ళు కాక యానాది పిల్లలు, ఇంట్లో లంబాడీ మాట్లాడే సుగాలి పిల్లలు, వాగ్రి బోలి మాట్లాడే నక్కల వాళ్ళ పిల్లలు. ఒకే తరగతి గదిలో అయిదు ఇంటిభాషలు ఉండటం ఇక్కడ అతిశయోక్తి కాదు.

అయితే ఒక మాట దాచకూడదు. సర్కారు బడిలో భాషలు అయిదున్నా ఆదాయం మాత్రం దాదాపు ఒక్కటే. కాస్త కలిగిన ఇంటి పిల్లలు కాన్వెంటు బస్సు ఎక్కి ఎప్పుడో వెళ్ళిపోయారు. చాలా చోట్ల ఆ బడి టీచర్ల పిల్లలు కూడా ఆ బస్సులోనే ఉంటారు. ‘మా బడిలో అన్ని వర్గాల పిల్లలూ ఉన్నారు’ అని సభలో చెప్పినప్పుడు ఆ ‘అన్ని’లో పై వర్గం లేదని అందరికీ తెలుసు. ఇక్కడి వైవిధ్యం ఎవరో కోరి తెచ్చుకున్నది కాదు, వేరే చోటికి పోలేనివాళ్ళంతా మిగలడం వల్ల వచ్చింది. అందుకే దీన్ని పొగిడి ఊరుకోవడం కంటే, ఈ పిల్లలకు ఏం అందుతోందో చూడటం ముఖ్యం.

గోడ మీది నాలుగు మాటలు

సమానత్వంతో మొదలుపెడదాం. ఏదో ఒక లెక్క పంపాలని మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు నుంచి మెసేజ్ వస్తుంది. టైం లేదు. టీచర్ తరగతిలోకి వచ్చి ‘ఎస్సీ పిల్లలు లేవండి, ఎస్టీ పిల్లలు లేవండి’ అని లెక్కపెట్టుకుంటారు. చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, పని తొందర అంతే. కానీ ఆ రోజు ఇంటికి వెళ్ళిన పిల్లలు బెంచీ స్నేహితుడి కులం తెలుసుకుని వెళ్తారు. ఆ లెక్క అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంది, పది నిమిషాలు కూచుంటే దొరుకుతుంది. గది ఊడ్చేది, నీళ్ళు పట్టేది ఎప్పుడూ ఆ నలుగురు పిల్లలేనా, ఎవరి పేరు పూర్తిగా పిలుస్తున్నారు, ఎవర్ని ‘ఒరేయ్ యానాదోడా’ అంటున్నారు అన్నవి కూడా సమానత్వం లెక్కలోకే వస్తాయి. నక్కల పిల్లను ఆ కులం పేరుతో పిలిచే బడిలో ఆ గోడ మీది మాటకు సున్నం కొట్టేయడమే మేలు.

క్రమశిక్షణ అనగానే ఇంకా చాలామందికి గుర్తొచ్చేది బెత్తం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మాటలతో హింసించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కొట్టడం బాగా తగ్గింది, ఒప్పుకోవాలి. మాటలు తగ్గలేదు. ‘డల్’ అన్న ముద్ర బెత్తం కంటే ఎక్కువకాలం ఉంటుంది.

గౌరవం సంగతి తేలేది భోజనం దగ్గర. అక్కడ బడి మిగతా విషయాల కంటే ముందుంది. రాష్ట్రంలో వండిన మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. 2023 మార్చి నుంచి కొన్ని రోజులు రాగి జావ ఇస్తున్నారు. రాగి సంగటి తినే జిల్లాలో బడి మెనూ ఇంటి పొయ్యి దాకా వచ్చిందన్నమాట, పుస్తకం ఇంకా రాలేదు. వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనక, గుడ్డు తినని పిల్లకు బదులు ఏమిస్తున్నారు, వంట చేసే ఆమె చేతి అన్నం వద్దని ఏ ఇంటి నుంచైనా టిఫిన్ బాక్సు వస్తోందా అన్నవి హెచ్ఎం రోజూ ఒకసారి కళ్ళతో చూస్తే తెలిసిపోతాయి. వీటికి యాప్ అక్కర్లేదు.

నిజాయితీ గురించి పిల్లలకు పాఠాలు చాలా ఉన్నాయి. విద్యార్థుల నైతిక విలువల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఒక సలహాదారును కూడా నియమించుకుంది. అసలు పరీక్ష మాత్రం బడికే. ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలో బోర్డు మీద జవాబు చూసి రాసిన పిల్లాడికి ‘ఎ’ గ్రేడ్ ఎక్కించి, అదే పిల్లాణ్ణి పిలిచి నాలుగు లైన్లు చదవమంటే ‘వీడికి రాదు సార్’ అనడం చాలా చోట్ల మామూలైపోయింది. తక్కువ వేస్తే పైనుంచి మెమో వస్తుందేమోనన్న టెన్షన్ టీచర్‌ది. అది అర్థం లేని భయం కాదు. అందుకే ఆ పిల్లాడు చదవలేడన్న సంగతి బడి గోడల మధ్య అందరికీ తెలిసినా ఏ కాగితంలోనూ ఉండదు. కాగితంలో లేని సమస్యకు లక్ష్యం ఎలా రాస్తారు?

ప్రణాళికలో లేనిదే ప్రధానం

చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. ఆ కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలని 22వ సెక్షన్ చెబుతుంది. కేంద్రం 2010లో ఇచ్చిన నిబంధనల్లో దాని వివరం ఉంది. మూడేళ్ళ ప్రణాళిక, లోపల ఏడాదికొక ఉపప్రణాళిక. ఆర్థిక సంవత్సరం ముగిసే మూడు నెలల ముందే, అంటే డిసెంబరు ఆఖరుకల్లా సిద్ధం కావాలి.

ఆ ప్రణాళికలో ఏముండాలో కూడా చెప్పారు. తరగతివారీగా పిల్లల అంచనా, ఇంకా ఎందరు టీచర్లు కావాలి, ఏ గదులు, ఏ సామాన్లు కావాలి, ఎంత డబ్బు కావాలి. మంచిదే, ఇవన్నీ కావాలి. కానీ ‘ఎందరు పిల్లలు చదవగలుగుతున్నారు’ అన్న గడి ఈ జాబితాలో లేదు. ప్రణాళిక నమూనాయే గోడలూ పోస్టులూ లెక్కపెట్టేలా తయారైనప్పుడు, దాన్ని నింపే హెచ్ఎం కాంపౌండ్ వాల్ గురించే రాస్తారు, తప్పుపట్టడానికి లేదు. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులకు మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బెంచీలు, రంగులు వచ్చాయి. కళ్ళకు కనిపించే మార్పు అది. కాంపౌండ్ లోపల చదువు సంగతి వేరే లెక్క. దానికి వేరే కాగితం కావాలి.

మూడేళ్ళ ప్రణాళిక అంటే నవ్వు రావడానికి ఇంకో కారణం ఉంది. 2022లో జీవో 117 వచ్చి చాలా చోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకు తీసుకెళ్ళింది. 2025లో దాన్ని రద్దు చేసి, తరగతికో టీచర్ ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్ళు తెచ్చారు. పోయిన తరగతులు కొన్ని తిరిగొచ్చాయి. మధ్యలో కిట్టు పేరు మారింది, భోజనం పేరు మారింది, తల్లుల ఖాతాలో పడే డబ్బు పేరు మారింది. 2020 జనవరి 9న చిత్తూరులోనే మొదలైన అమ్మ ఒడి ఇప్పుడు తల్లికి వందనం. ఇన్ని మార్పుల మధ్య ఒక చిన్న బడి మూడేళ్ళ ముందుచూపుతో రాసుకునే ప్రణాళిక బతికి బట్టకట్టాలంటే, అది పై ఉత్తర్వులతో మారని విషయం మీద నిలబడాలి. ఏ జీవో వచ్చినా మూడో తరగతి పిల్ల పేరా చదవాలన్నది మారదు కదా.

28 మంది లెక్క

లెక్క కోసం ఒక తరగతిని ఊహించుకుందాం. మూడో తరగతి, 28 మంది. జూలైలో ఒక్కొక్కరినీ పక్కన కూచోబెట్టుకుని చదివించారు. పల్లె పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వే 2005 నుంచి వాడుతున్న మెట్లే ఇక్కడా. ముగ్గురు అక్షరాల దగ్గర ఆగారు. 8 మంది విడి పదాలు చదివారు, పేరా చదవలేకపోయారు. 7 మంది ఒకటో తరగతి స్థాయి పేరా చదివారు. 10 మంది రెండో తరగతి స్థాయి కథ చదివేశారు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు పెట్టినా మొత్తం పని రెండున్నర గంటలకు మించదు.

2021 జూలై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం ప్రకారం, 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి పిల్లా నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి. తెలుగులో మాట అంటే ఎంత పొడవు అన్న పేచీ ఉంది. ‘వెళ్ళిపోయినప్పటికీ’ కూడా ఒక మాటే, ‘ఆవు’ కూడా ఒక మాటే. అందుకే ఎన్‌సీఈఆర్‌టీ 2022 అధ్యయనంలో 20 భాషలకు వేర్వేరు గీటురాళ్ళు పెట్టుకుంది. బడి స్థాయిలో ఈ పేచీ అంత ముఖ్యం కాదు. మన తరగతిలో 11 మంది పేరా చదవలేరన్నది ముఖ్యం.

ఇప్పుడు ఈ తరగతికి మామూలుగా రాసే లక్ష్యం చూడండి. ‘ఈ విద్యా సంవత్సరంలో విద్యార్థుల పఠన సామర్థ్యాన్ని 10 శాతం పెంచుట.’ సగటు పెరగాలంటే దగ్గరి దారి, ఇప్పటికే కథ చదివే పదిమందికి ఇంకాస్త తోమడం. అంకె పెరుగుతుంది, అడుగున ఉన్న ముగ్గురూ అక్కడే ఉంటారు. ఎవరూ అబద్ధం ఆడలేదు, లక్ష్యమూ నెరవేరింది!

అదే లక్ష్యాన్ని ఇలా రాయొచ్చు. ‘మూడో తరగతిలో 11 మంది పేరా చదవలేరు. అయిదుగురు తమిళ ఇళ్ళ పిల్లలు, క-గ, త-ద దగ్గర తడబడుతున్నారు. ముగ్గురు ఉర్దూ ఇళ్ళ పిల్లలు, ల-ళ, న-ణ కలిపేస్తున్నారు, ఒత్తులు రాలేదు. ఇద్దరు జూన్‌లో ఒడిశా నుంచి వచ్చారు, లిపి కొత్త. ఒకడు తెలుగు ఇంటివాడే, నెలలో పది రోజులు రాడు. సంక్రాంతి సెలవుల లోపు వీళ్ళలో 8 మంది పేరా చదవాలి.’ పేర్ల జాబితా హెచ్ఎం దగ్గర ఉంటుంది, నోటీసు బోర్డుకు ఎక్కదు.

పై లెక్క ఊహే గానీ అందులోని తడబాట్లు ఊహ కావు. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకే అక్షరం, త, ద రెంటికీ ఒకే అక్షరం. ఇంట్లో ఆ భాష వింటూ పెరిగిన పిల్లాడు ‘గది’ని ‘కది’ అని రాస్తే వాడికి బుర్ర లేదని కాదు, వాడి చెవి వేరే పద్ధతిలో సర్దుకుని ఉంది. ఉర్దూలో ళ, ణ లేవు. ‘కాళ్ళు’ వాళ్ళ నోట ‘కాల్లు’ అవడం సహజం. ఆ మాటకొస్తే తెలుగు ఇంటి పిల్లలు ‘భాష’ను ‘బాస’ అని రాయరా? మనవాళ్ళ తప్పు యాస అయింది, పక్కింటి వాళ్ళ తప్పు తెలివితక్కువ అయింది. ఈ మూడు తడబాట్లకూ మందు వేరు. క-గ తడబాటుకు రోజూ పది నిమిషాలు వినిపించి రాయించే ఆటలు చాలు. లిపి కొత్తయిన పిల్లకు మొదటి నుంచీ మొదలుపెట్టాలి, అయితే ఆ పిల్ల ఒడియా చదవగలిగితే చదవడం అంటే ఏమిటో తనకు ఇప్పటికే తెలుసు. 11 మందినీ కలిపి ‘వెనకబడినవాళ్ళు’ అని ఒక మూల కూచోబెట్టి గుణింతాలు పదిసార్లు రాయించడంలో ఏ ఒక్కరికీ సరిపడే మందు లేదు.

అంగడిలో వచ్చే లెక్క బడిలో రాదు

గణితం దగ్గర ఇదే కథ ఇంకో రూపంలో కనిపిస్తుంది. సాయంత్రం తల్లి టెంకాయల అంగడి దగ్గర కూచునే మూడో తరగతి పిల్లను తీసుకోండి. కాయ 35. రెండు కాయలు కొని వంద నోటిచ్చిన తమిళ భక్తుడికి ‘ముప్పదు’ అని, హిందీ ఆయనకు ‘తీస్’ అని చిల్లర చేతిలో పెడుతుంది. మరుసటి రోజు పలక మీద నిలువు తీసివేత, 100 లోంచి 70. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి సున్నా తీసేస్తుంది, జవాబు 170. అప్పు తెచ్చుకోవడం నేర్పేటప్పుడు ఎక్కడో జారిపోయింది. అంగడిలో 170 రూపాయలు చిల్లర ఇవ్వదు గాక ఇవ్వదు. వందకు నూటడెబ్భై చిల్లర ఇస్తావా అని ఒక్క ప్రశ్న వేస్తే పిల్లే నవ్వి దిద్దుకుంటుంది.

ఈ పని ఎలా చేయాలో చూడటానికి దూరం పోనక్కర్లేదు. పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని నిచ్చెన మెట్లలా పేర్చారు. ప్రతి పిల్లా తను ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. పక్కవాడు మూడు మెట్లు పైనున్నా గొడవ లేదు, నాలుగు రోజులు బడికి రాకపోయినా వదిలిన కార్డు దగ్గర్నుంచే మొదలు. ఒకే గదిలో అన్ని తరగతులూ, ఒకే టీచర్ ఉన్న బడి కోసం పుట్టిన ఉపాయం ఇది. తల్లులు కూడా పాల్గొనే ‘మెట్రిక్ మేళా’ సంతలో పిల్లలు తూకాలు వేసి, సరుకులు అమ్మి లెక్కలు నేర్చుకుంటారు. 2003 ప్రాంతంలో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తర్వాత తమిళనాడు అంతా పాకిన కృత్యాధార బోధనకు ప్రేరణ ఇక్కడిదే. మన జిల్లాలో పుట్టిన ఉపాయం గురించి అవతలి రాష్ట్రం టీచర్లకు తెలిసినంతగా మనకు తెలియకపోవడం మామూలు విడ్డూరం కాదు.

కార్డులు ఉంటే చాలదని కూడా చెప్పాలి. టీచర్‌కు కూచుని వినే టైం కావాలి. ఫొటోలు అప్‌లోడ్ చేయడానికి, లెక్కలు పంపడానికి పోయే గంటలు ఈ పిల్లల గంటల్లోంచే పోతున్నాయి.

భాష పేచీ, టీసీ పేచీ

ఇంగ్లీషు మీడియం సంగతి ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టాలంటూ 2019 నవంబరులో జీవో 81 వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటుంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన అందించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం అంటుంది. ఇంట్లో తల్లిదండ్రులు మాత్రం ఇంగ్లీషు అంటారు, వాళ్ళను తప్పుపట్టేంత దూరంలో ఎవరూ లేరు. తమిళ మీడియం బడికి పంపే వీలున్నా ఇంగ్లీషు కోసం తెలుగు బడికి పంపే నగరి వైపు ఇంట్లో, పిల్లకు ఒకేసారి రెండు కొత్త భాషలు మీద పడతాయి. చేయగలిగింది ఒకటుంది. ఏదో ఒక లిపిలో ధారగా చదవడం వచ్చేదాకా రెండో లిపితో తొందరపడకూడదు. ఎదురు పేజీ ఎక్కడికీ పోదు.

వలస వచ్చిన పిల్లల దగ్గర అడ్డం పడేది భాష కంటే ముందు కాగితం. టీసీ లేదని, ఆధార్ లేదని, పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదని గేటు దగ్గరే ఆగిపోయే పిల్లలున్నారు. టీసీ ఆలస్యమైనందుకు, వయసు రుజువు లేనందుకు అడ్మిషన్ కాదనడానికి వీల్లేదని చట్టంలో స్పష్టంగా ఉంది. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు విడిగా తర్ఫీదు ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతుంది. ఆ తర్ఫీదు ఖర్చును బడి ప్రణాళికలోనే చూపించమని నిబంధనలు చెబుతున్నాయి. ఇటుక బట్టీ సీజన్‌లో వచ్చి వర్షాలకు ముందు వెళ్ళిపోయే పిల్లలు ఆ అయిదారు నెలల్లో ఏ మెట్టు ఎక్కారో ఒక కార్డు మీద రాసి చేతికిస్తే, తర్వాతి బడికి టీసీ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

డబ్బు, కమిటీ

డబ్బు దగ్గర పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే పెద్దగా లేదు. సమగ్ర శిక్షా కింద వచ్చే గ్రాంటు 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000, వందమంది వరకు 25,000, 250 మంది వరకు 50,000 రూపాయలు. 80 మంది ఉన్న బడికి నెలకు రెండు వేల చిల్లర. పైగా అందులో పదో వంతు పరిశుభ్రతకు పోవాలి. తల్లికి వందనం 15,000లో 2,000 బడి నిర్వహణకు పక్కన పెడుతున్నారు. పిల్లను పక్కన కూచోబెట్టుకుని చదివించడానికీ, చార్టు మీద ‘కొబ్బరికాయ’ పక్కన ‘టెంకాయ’ అని స్కెచ్ పెన్నుతో రాయడానికీ మాత్రం గ్రాంటు అక్కర్లేదు.

కమిటీ సంగతి అంత తేలిక కాదు. రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున ఎన్నుకుంటారు. మీటింగ్ మధ్యాహ్నం మూడింటికి పెడితే కూలికి వెళ్ళేవాళ్ళకు ఒక పూట పోతుంది. అందుకని రారు. తర్వాత ఎవరో మినిట్స్ పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు చేయించుకొస్తారు. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతా ఒకే రోజు పెట్టిన మెగా సమావేశాలకు తల్లిదండ్రులు బాగానే వచ్చారు. ముగ్గులు వేశారు, ఆటలు ఆడారు, కలిసి భోంచేశారు. పండగ బాగుంది. కానీ నా పిల్ల ఏ మెట్టు మీద ఉంది అని అడగడానికి అంత జనంలో తీరిక దొరకదు. దానికి రాత్రి ఏడింటికి, పదిమందితో, తమిళమో ఉర్దూయో వచ్చిన ఒక తల్లి పక్కనుండి మాట అందిస్తూ నడిచే మీటింగ్ కావాలి.

ఆ మీటింగ్‌లో టెంకాయల అంగడి ఆమెకు కూడా ఒక పని అప్పజెప్పొచ్చు. ఆమెకు చదువు రాకపోయినా సరే. బేరం లేని పది నిమిషాలు పిల్ల చేత పుస్తకం పైకి చదివించుకుని వింటే చాలు. ధారగా పోతున్న గొంతు ఎక్కడ ఆగిందో ఆమెకు వినబడుతుంది. ఆగిన మాటను పిల్ల చేతే పలక మీద రాయించి పంపితే, మరుసటి రోజు మొదటి పీరియడ్ టీచర్ ఆ మాట దగ్గర్నుంచి మొదలుపెడతారు.